నడుముకి తుపాకీ, చేతిలో బీరు

(డాలస్ దగ్గర తెలుగువాళ్లు నెలకోసారి కలిసే శనివారం సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది. మాటతీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ దేశంలో మనవాళ్లకి లాయరు గుర్తొచ్చేది రెండు సందర్భాల్లోనే. గ్రీన్ కార్డు ఆగినప్పుడు, స్పీడింగ్ టికెట్ పడినప్పుడు. ఈసారి ఆ రెండూ కాకుండా తుపాకుల గురించి మాట్లాడమన్నారు. తుపాకులంటే పెద్ద సముద్రం, గంటలో తేలదు. అందుకని నేను ఒక్క ముక్కే తీసుకున్నాను. తుపాకీ పెట్టుకున్న మనిషి మందు తాగొచ్చా? తాగితే చట్టం ఏమంటుంది?

ఈ ప్రశ్న నాది కాదు, మా నాన్నది. 2016 మొదట్లో ఆయన నరసరావుపేట నుంచి మా ఇంటికొచ్చారు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. ఒక ఆదివారం మధ్యాహ్నం బార్బెక్యూ హోటల్‌కి తీసుకెళ్లాను. లైన్లో మా ముందు ఒకాయన నిలబడ్డాడు. యాభై ఏళ్లుంటాయి, చెక్స్ షర్టు, షర్టు లోపలికి దోపి ఉంది. కుడివైపు బెల్టుకి గోధుమరంగు తోలు హోల్‌స్టర్, అందులో పిస్టల్. ట్రేలో మాంసం, ఉల్లిపాయ ముక్కలు, పక్కనే చెమటలు పట్టిన బీరు సీసా. నాన్న నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా అడిగారు: "మఫ్టీలో ఉన్నాడా?" కాదు నాన్నా, పోలీసు కాదు, మామూలు మనిషే అన్నాను. "మామూలు మనిషైతే తుపాకీ ఎందుకు?" సరే, దానికేదో చెప్పాను. ఆయన చూపు తుపాకీ మీద లేదు, సీసా మీద ఉంది. "మా దగ్గర ఎవడన్నా తాగి డ్యూటీకొస్తే ముందు వాడి చేతిలో వెపన్ తీసుకునేవాళ్లు. తిట్టడం, కొట్టడం, సస్పెండ్ చేయడం అన్నీ ఆ తర్వాతే. వీడి దగ్గర ఎవరు తీసుకుంటారు?"

నేను లాయర్ని కదా, ఠకీమని చెప్పేశాను. టెక్సాస్‌లో పైకి కనిపించేలా పిస్టల్ పెట్టుకోవడానికి ఈ జనవరి 1 నుంచే వీలు కల్పించారు, లైసెన్స్ ఉండాలి, ఈయనకి ఉండే ఉంటుంది. ఇది బార్ కాదు, తిండి హోటల్. ఇక బీరు తాగడం నేరం కాదు, మత్తెక్కితేనే నేరం. నాన్న అంతా విన్నారు. "మత్తెక్కిందని ఎవరు చెప్పాలి? తాగినవాడా?" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని ఒక్కో రాష్ట్రం చట్టం తెరిచి చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే తెలిసిందేమిటంటే, ఆ ప్రశ్న దగ్గర అమెరికా మొత్తం దాదాపు నాలుగొందల ఏళ్లుగా తడబడుతూనే ఉంది.

నాలుగొందలంటే అతిశయోక్తి అనుకోకండి. 1655లో వర్జీనియా ఇంకా ఇంగ్లండు వలస. అక్కడ ఒక చట్టం చేశారు. మందు పార్టీల్లో తుపాకులు పేల్చకూడదు. పేలిస్తే 100 పౌన్ల పొగాకు జరిమానా. డబ్బు కాదండీ, పొగాకు. అప్పట్లో వాళ్లకి పొగాకే డబ్బు. ఎందుకు చేశారంటే, ఊరి మీదకి శత్రువులు వస్తున్నారంటే తుపాకీ మోతే హెచ్చరిక. తాగినవాళ్లు ఊరికే ఢాం ఢాం అనిపిస్తుంటే ఏది దాడో, ఏది దావతో తెలియకుండా పోయింది. పైగా మందుగుండు దండగ. ఆ చట్టంలో మినహాయింపులు కూడా ఉన్నాయి. పెళ్లిళ్లు, చావులు! ఆ రెండింటికీ పేల్చుకోవచ్చట. (నవ్వులు) మన దేశంలో ఉల్టా. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చడాన్ని ఆపడానికే 2019లో ఆయుధాల చట్టం సవరించి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టారు.

సినిమాల్లో చూపించే పాత అమెరికా ఉంటుంది కదా, రెండు తలుపులు తోసుకుని సెలూన్‌లోకి రావడం, విస్కీ గ్లాసు, నడుముకి రెండు రివాల్వర్లు. నిజానికి ఆ ఊళ్లలో చాలావాటికి అది నిషేధం. ఆరిజోనాలో టూంబ్‌స్టోన్ అనే గనుల ఊరు. 1881లో అక్కడ ఊరి చట్టం ఏమిటంటే, ఊళ్లోకి రాగానే ఆయుధాలు అప్పజెప్పాలి. అక్టోబర్ 26 పొద్దున, రాత్రంతా మందూ పేకాటలో గడిపిన ఐక్ క్లాంటన్ అనే ఆయన తుపాకులతో వీధుల్లో తిరుగుతూ అందరినీ బెదిరిస్తున్నాడు. ఊరి మార్షల్ వర్జిల్ ఎర్ప్ వెనకనుంచి వచ్చి తల మీద పిస్టల్‌తో ఒకటిచ్చి, తుపాకులు లాక్కుని, జడ్జి ముందు నిలబెట్టాడు. జరిమానా 25 డాలర్లు. అదే మధ్యాహ్నం మిగతావాళ్ల ఆయుధాలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు జరిగిందే ఓకే కొరాల్ కాల్పులు. ప్రపంచమంతా తెలిసిన ఆ కాల్పుల వెనక ఉన్నది ఊళ్లో తుపాకీ పెట్టుకోకూడదన్న మునిసిపల్ రూలు! మన సినిమా హీరోలు వేసే ఆ టోపీల వెనక ఇంత కథ ఉంది.

ఇంకొకటి చెప్పి చరిత్ర వదిలేస్తాను. మిస్సోరీలో 1883లో, తాగిన మత్తులో తుపాకీ పెట్టుకు తిరిగితే నేరం అని చట్టం తెచ్చారు. ఒకడు కోర్టుకెళ్లి, ఆయుధం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కదా అన్నాడు. 1886లో రాష్ట్ర సుప్రీంకోర్టు, హక్కు ఉంది, కానీ తాగి తుపాకీతో బయట తిరిగేవాడి వల్ల జరిగే అనర్థాన్ని ఆపే అధికారం శాసనసభకీ ఉంది అని అతని వాదన కొట్టేసింది. ఇప్పటికీ వకీళ్లు ఆ తీర్పు తవ్వి తీస్తుంటారు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. నేను చదివిన వాటిలో నన్ను బాగా తికమకపెట్టింది వర్జీనియా. అక్కడ పైకి కనిపించేలా పిస్టల్ పెట్టుకోవడానికి పర్మిట్ అక్కర్లేదు. చొక్కా కింద దాచుకుంటేనే పర్మిట్ కావాలి. 2010కి ముందు రూలేమిటంటే, దాచుకున్న తుపాకీతో మందు అమ్మే రెస్టారెంట్లోకి వెళ్లకూడదు. కనిపించే తుపాకీతో వెళ్లొచ్చు. దాంతో ఏం చేసేవాళ్లంటే, పర్మిట్ ఉన్నాయన రెస్టారెంట్ గుమ్మం దగ్గర ఆగి, చొక్కా అంచు తుపాకీ వెనక్కి దోపుకునేవాడు. ఇక అది ఓపెన్ క్యారీ, దర్జాగా లోపలికి వెళ్లొచ్చు. బయటికొచ్చాక చొక్కా మళ్లీ కిందకి లాక్కునేవాడు. చొక్కా అంచు మీద ఆధారపడిన చట్టం!

2010లో దీన్ని సరిచేశారు. దాచుకుని కూడా లోపలికి వెళ్లొచ్చు, కానీ లోపలున్నంతసేపు ఒక్క చుక్క తాగకూడదు, తాగితే నేరం అన్నారు. బాగుంది కదా. ఇప్పుడు ఆ వాక్యం ఇంకోసారి నెమ్మదిగా చదవండి. "దాచుకున్న తుపాకీతో" రెస్టారెంట్లోకి వెళ్లినవాడు తాగకూడదు. కనిపించే తుపాకీతో వెళ్లినవాడి సంగతి? ఆ సెక్షన్ అతని గురించి మాట్లాడలేదు. ఒకే టేబుల్ దగ్గర ఇద్దరు కూర్చున్నారనుకోండి. ఒకరు ట్రైనింగ్ తీసుకుని, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకుని, పర్మిట్ తెచ్చుకుని పిస్టల్ చొక్కా కింద పెట్టుకున్నారు. ఇంకొకరు ఏ పర్మిట్టూ లేకుండా బెల్టుకి వేలాడదీశారు. ఇద్దరూ చెరో బీరు తెప్పించుకున్నారు. 2010లో రాసిన మాట ప్రకారం నేరం చేసింది మొదటాయన.

ఇది చదివినప్పుడు రాసినవాళ్లకి మతిపోయిందేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. మతి పోలేదు, బేరం జరిగింది. శాసనసభలో తుపాకీ హక్కులవాళ్లు ఒక కొత్త వీలు అడుగుతారు: దాచుకుని రెస్టారెంట్లోకి వెళ్లనివ్వండి అని. అవతలివాళ్లు సరే, బదులుగా ఒక షరతు పెట్టండి, తాగకూడదని అంటారు. ఆ షరతు ఎక్కడ తగిలిస్తారు? పర్మిట్‌కి. పర్మిట్ గోడకి కొట్టిన మేకు లాంటిది. షరతులన్నీ చొక్కాల్లా దానికే వేలాడతాయి. ఓపెన్ క్యారీకి పర్మిట్టే లేదు. అంటే మేకు లేదు. మేకు లేని చోట చొక్కా ఎక్కడ తగిలించాలి? ఈ ఒక్క మాట పట్టుకుంటే ఈ దేశంలో మందూ తుపాకీ చట్టాల్లో సగం అయోమయం విడిపోతుంది.

ఆరిజోనా చూడండి. 2009లో గవర్నర్ జాన్ బ్రూవర్ సంతకం పెట్టిన చట్టం: పర్మిట్ ఉండి దాచుకున్నవాళ్లు బార్‌లోకి వెళ్లొచ్చు, తాగకూడదు, ఓనర్ వద్దని బోర్డు పెడితే అసలు వెళ్లకూడదు. కనిపించేలా పెట్టుకున్నవాళ్లకి ఆ వీలు ఇవ్వలేదు. వర్జీనియాకి సరిగ్గా తిరగేసి. నార్త్ కరోలినాలో 2013లో పర్మిట్ ఉన్నవాళ్లని బార్లలోకి రానిచ్చారు. షరతు ఇంకా గట్టిది. తుపాకీ దాచుకుని తాగకూడదు, అంతేకాదు, అంతకుముందు తాగినది ఒంట్లో ఏ కాస్త మిగిలున్నా దాచుకుని బయట తిరగకూడదు. రాత్రి తాగింది పొద్దునకి ఇంకా దిగకపోయినా అంతే. సొంత ఆస్తిలో మాత్రం మినహాయింపు. ఇదీ దాచుకున్నవాళ్లకే తగిలించారు.

టెనెసీ కథ వినాలి మీరు. 2009లో పర్మిట్ ఉన్నవాళ్లు మందు అమ్మే చోట్లకి తుపాకీతో వెళ్లొచ్చని బిల్లు తెచ్చారు. గవర్నర్ ఫిల్ బ్రెడెసన్ వీటో చేశారు. శాసనసభ ఆ వీటోని తోసేసింది. చట్టంలో రెస్టారెంట్ అంటే ఏమిటో స్పష్టంగా లేదని కోర్టు కొట్టేసింది. 2010లో మళ్లీ తెచ్చారు, మళ్లీ వీటో, మళ్లీ తోసేశారు. తాగకుండా ఉంటేనే సుమా అన్నది మొదటినుంచీ షరతు. ఆ బిల్లు కోసం ముందు నిలబడి పోరాడిన శాసనసభ్యుడు కర్రీ టాడ్. 2011 అక్టోబర్‌లో నాష్‌విల్‌లో పోలీసులు ఒక కారు ఆపారు. డ్రైవరు తాగి ఉన్నాడు, సీటు పక్కన గుండ్లు నింపిన రివాల్వర్ ఉంది. డ్రైవరు ఆయనే. (నవ్వులు) తర్వాత కోర్టులో నేరం ఒప్పుకున్నారు. నవ్వుకోండి గానీ, నాకు ఇందులో నవ్వు కన్నా ఎక్కువ కనిపించేది మా నాన్న ప్రశ్నే. చట్టం రాసినాయనకే తన మత్తు ఎప్పుడు మొదలైందో తెలియలేదు.

అందుకే కొన్ని రాష్ట్రాలు అంకె పట్టుకున్నాయి. మిషిగన్‌లో పర్మిట్‌తో దాచుకున్నవాళ్లకి హద్దు రక్తంలో ఆల్కహాల్ 0.02 శాతం. మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, హైదరాబాద్ డ్రంక్ అండ్ డ్రైవ్‌లో మిషన్ నోట్లో పెట్టి ఊదిస్తారు కదా, అక్కడ హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. మిషిగన్‌లో తుపాకీకి 20. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల కన్నా గట్టి. 0.02 దాటితే జరిమానా, 0.08 దాటితే నేరం, 0.10 దాటితే ఇంకా పెద్దది. పర్మిట్ తీసుకున్నారంటే, దాచుకుని తిరిగేటప్పుడు పరీక్షకి ముందే ఒప్పుకున్నట్టు. నాకు నచ్చిన చట్టం ఇదొక్కటే. ఎవరు చెప్పాలి అన్నదానికి ఇది జవాబు చెప్పింది: మిషన్ చెప్తుంది.

జార్జియా గీత ఇంకెక్కడో గీసింది. అక్కడ 2014 నుంచి ఓనర్ కాదంటే తప్ప బార్లలోకి వెళ్లొచ్చు. తాగి తుపాకీ పేలిస్తే నేరం. అంటే ట్రిగ్గర్ నొక్కేదాకా చట్టం ఓపిక పడుతుంది. అట్లాంటాలో మన బంధువులు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటే ఆ ఓపిక గురించి కొంచెం టెన్షన్ పడతాం.

సరే, ఇక మన టెక్సాస్. కాసేపు ఇక్కడ నిలబడతాను, రేపు పొద్దున మీకు అవసరమయ్యేది ఇదే.

2021లో టెక్సాస్ హౌస్ బిల్ 1927 తెచ్చింది. గవర్నర్ గ్రెగ్ ఆబట్ సంతకం పెట్టారు, సెప్టెంబర్ 1 నుంచి అమలు. ఆ బిల్లులో రాసిన ప్రకారం 21 ఏళ్లు నిండి, తుపాకీ ఉంచుకోవడానికి అడ్డంకి లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. పైకి కనిపిస్తే హోల్‌స్టర్‌లో ఉండాలి, అంతే. లైసెన్స్ వ్యవస్థ తీసేయలేదు, కావాలనుకున్నవాళ్లు క్లాసుకెళ్లి, టార్గెట్ కాల్చి, వేలిముద్రలు ఇచ్చి తీసుకోవచ్చు.

నేను చెప్పిన మేకు గుర్తుందా? అంతవరకు టెక్సాస్‌లో ఉన్న రూలు ఏమిటంటే, "లైసెన్స్ ఉన్నవాడు" మత్తులో తుపాకీ పెట్టుకుంటే నేరం. లైసెన్సే అక్కర్లేదన్నాక ఆ వాక్యం గాల్లో వేలాడుతుంది. టెక్సాస్ వాళ్లు ఇక్కడ వర్జీనియాలా వదిలేయలేదు, మెచ్చుకోవాలి. కొత్త నేరం రాశారు. "ఏ వ్యక్తి అయినా" మత్తులో పిస్టల్ పెట్టుకుంటే నేరం, దాచుకున్నా, కనిపించినా. ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. మేకు తీసేసి చొక్కాని మనిషికే తొడిగారన్నమాట.

మినహాయింపులు ఉన్నాయి. మీ సొంత స్థలంలో వర్తించదు. ఓనర్ ఒప్పుకున్న ప్రైవేటు స్థలంలో వర్తించదు. మీ కార్లో ఉన్నా, నేరుగా కారు దగ్గరకి నడుస్తున్నా వర్తించదు. ఆ చివరిది విని సంబరపడకండి. అందులో ఒక గొయ్యి ఉంది. కార్లో కూర్చున్నంతవరకు బాగానే ఉంటుంది. మత్తులో స్టార్ట్ చేసి రోడ్డెక్కారా, అది డీడబ్ల్యూఐ, అంటే తాగి బండి నడిపిన కేసు. ఇక్కడ ఇంకో సెక్షన్ కాచుక్కూర్చుని ఉంది: చిన్న ట్రాఫిక్ తప్పులు కాకుండా వేరే నేరం చేస్తూ కార్లో పిస్టల్ పెట్టుకుంటే అదో విడి కేసు. డీడబ్ల్యూఐ చిన్న ట్రాఫిక్ తప్పు కాదు. కన్సోల్‌లో మూడు నెలల నుంచి మర్చిపోయిన పిస్టల్ ఉన్నా సరే, ఒక కేసు రెండవుతుంది. రెండోదాని పేరులో "ఆయుధం" అన్న మాట ఉంటుంది. ఆ మాట ఎందుకు భయపెట్టాలో చివర చెప్తాను.

ఎర్ర అక్షరాలతో 51% అని బోర్డు చూసే ఉంటారు. చాలామంది అది మందులో ఆల్కహాల్ శాతం అనుకుంటారు. (నవ్వులు) కాదండీ. ఆ షాపు ఆదాయంలో 51 శాతం, అంతకన్నా ఎక్కువ, అక్కడే కూర్చుని తాగే మందు నుంచి వస్తుందని. అలాంటి చోటికి పిస్టల్‌తో వెళ్లడం చిన్న నేరం కాదు, ఫెలనీ. రెండు నుంచి పదేళ్లు. తాగారా లేదా అన్నది ప్రశ్నే కాదు, సోడా తాగినా అంతే. మా నాన్న చూసిన బార్బెక్యూ హోటల్‌కి ఆ బోర్డు లేదు, ఎందుకంటే దాని ఆదాయం మాంసం మీద. ఆలోచిస్తే వింత. తాగినవాడి రక్తం ఎంత మత్తుగా ఉందో చూడకుండా, హోటల్ గల్లాపెట్టె చూసి గీత గీశారు. గల్లాపెట్టెని కొలవడం మనిషిని కొలవడం కన్నా తేలిక, అదీ కారణం.

ఇక "మత్తు" అంటే ఎంత? డ్రైవింగ్ చట్టంలో 0.08 అని అంకె ఉంది, లేదా ఒంటి మీద, మనసు మీద మామూలు అదుపు లేకపోవడం. తుపాకీ సెక్షన్ తీసి చదివితే "మత్తులో" అన్న మాటే ఉంది, పక్కన అంకె లేదు. అంటే ఆఫీసర్ చూస్తాడు: కళ్లు, మాట, నడక. మళ్లీ నాన్న ప్రశ్న దగ్గరికే వచ్చాం. టెక్సాస్ జవాబు: ఎదురుగా నిలబడ్డ ఆఫీసర్.

ఇంట్లో అయితే ఎవరికీ పట్టదా అంటే, ఒహాయోలో పట్టింది. తెల్లవారుజామున నాలుగింటికి ఒక భార్య 911కి ఫోన్ చేసింది: ఆయన తాగి ఉన్నాడు, చేతిలో గన్ ఉంది. పోలీసులు వచ్చేసరికి ఆయన గుమ్మం దగ్గర షాట్‌గన్ పట్టుకుని ఉన్నాడు. గుండ్లు లేవు, గొట్టం నేల వైపే ఉంది. నేను తాగి ఉన్నానని ఆయనే చెప్పాడు, ఒకటికి నాలుగుసార్లు. కేసు పెట్టారు. సొంత ఇంట్లో, గుండ్లు లేని తుపాకీ, ఎవరినీ ఏమీ అనలేదు కదా అని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2020 డిసెంబర్‌లో ఒహాయో సుప్రీంకోర్టు శిక్ష సరైనదే అంది. తుపాకీ హక్కు ఉన్న మనిషికి తాగినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకునే హక్కు ఉండాల్సిన పని లేదని. ఈ తీర్పు మీద జడ్జిల్లోనే అభిప్రాయ భేదం ఉంది. నాకూ సందేహమే. ఆ భార్య ఫోన్ చేసిన గంట గురించి ఆలోచిస్తే మాత్రం సందేహం తగ్గుతుంది.

1655, 1886 ఎందుకు తవ్వుతున్నారో చెప్తానన్నాను. 2022లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో, ఇకనుంచి ఏ తుపాకీ చట్టమైనా ఈ దేశపు పాత సంప్రదాయంతో పొసగాలి అంది. దాంతో అందరూ పాత కాగితాల మీద పడ్డారు. 2024లో రహీమీ కేసులో కోర్టు కాస్త సడలించింది: అచ్చం అలాంటి పాత చట్టమే దొరకాలని లేదు, దాని వెనకున్న సూత్రం కలిస్తే చాలు అంది. మనకి అప్పీలు కోర్టు న్యూ ఆర్లియన్స్‌లోని ఫిఫ్త్ సర్క్యూట్. వాళ్లు మత్తుపదార్థాల కేసుల్లో గీసిన గీత ఏమిటంటే, మత్తులో ఉన్నంతసేపు ఆయుధం వద్దనడానికి చరిత్రలో ఆధారం ఉంది. నిన్న వాడాడు కాబట్టి ఇవాళ తెలివిలో ఉన్నప్పుడూ వద్దనడానికి లేదు. ఆ లెక్కన నార్త్ కరోలినా "ఏ కాస్త మిగిలున్నా" అన్న రూలుకి ఎప్పుడో ఒకప్పుడు పరీక్ష తప్పదని నా అంచనా. అంచనా మాత్రమే, రేపు నన్ను పట్టుకోకండి.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. ముందు ఆ అబ్బాయి.

(ఒక విద్యార్థి: "సర్, నేను ఎఫ్-1. ఫ్రెండ్స్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చొచ్చా? మందు లేకుండానే.")

నువ్వడిగింది మంచిదైంది నాన్నా, ఇది అసలు మొదట్లోనే చెప్పాల్సింది. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల బి-2, ఈ వీసాలవాళ్లందరినీ చట్టం నాన్-ఇమిగ్రెంట్ అంటుంది, అంటే తాత్కాలికంగా వచ్చినవాళ్లు. వీళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. పదిహేనేళ్ల దాకా. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి కాగితం చేతిలో ఉంటేనే. "దగ్గర పెట్టుకోవడం" అంటే కొనడమే కాదు, రేంజ్‌లో అద్దెకి తీసుకుని చేత్తో పట్టుకోవడం కూడా. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు అలా మొదలైందే. ఫ్లోరిడాలో చదువు ఆగిపోయి స్టేటస్ పోయిన ఒక విదేశీ విద్యార్థి షూటింగ్ రేంజ్‌కి వెళ్లాడు. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు అంది, కానీ ఆ మాట వినడానికి ఆ అబ్బాయి ఎన్ని కోర్టులు ఎక్కాడో చూడు. కాబట్టి వేట లైసెన్స్ లేకుండా వెళ్లకు. ఫొటో కోసం కూడా పట్టుకోకు. పట్టుకుని ఇన్‌స్టాలో అసలు పెట్టకు.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు, పెట్టుకోవచ్చు. కానీ ఇందాక "ఆయుధం" అన్న మాట భయపెట్టాలి అన్నాను కదా. ఇమిగ్రేషన్ చట్టంలో ఆయుధాల నేరాలకి ప్రత్యేకంగా ఒక క్లాజు ఉంది. శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నా దేశం నుంచి పంపించేయడానికి అది చాలు. ఇక్కడ పుట్టినవాడికి అదే కేసు నాలుగు వేల డాలర్ల దాకా జరిమానా, మహా అయితే ఏడాది జైలు. మనకి ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి.

(ఒకాయన: "అన్నా, నాకు సిటిజన్‌షిప్ ఉంది, లైసెన్స్ కూడా ఉంది. రెస్టారెంట్లో ఒక్క బీరు తాగితే?")

51 బోర్డు లేకపోతే, మత్తు లేకపోతే, నేరం కాదు తమ్ముడూ. కానీ ఒక్కటి అన్నావు చూడు, పోలీసాయన అడిగినప్పుడు ఈ ఊళ్లో ప్రతివాడూ అనేది అదే. (నవ్వులు)

(ఒక మహిళ: "సర్, మా ఇంట్లో పార్టీకి మావారి ఫ్రెండ్ ఒకాయన వస్తారు. నడుముకి గన్ ఉంటుంది. అందరితో పాటు ఆయనకీ గ్లాసు ఇస్తారు. పిల్లలు తిరుగుతుంటారు. నేను చెప్తే మావారు మొహమాటం అంటారు. చట్టం ఏమంటుంది?")

అమ్మా, చట్టం ఏమంటుందంటే, ఇల్లు మీది కాబట్టి మీరు ఎలా అంటే అలా అంటుంది. మీరు ఒప్పుకుని ఊరుకున్నంతవరకు ఆయన తాగి ఉన్నా ఆ సెక్షన్ ఆయన్ని పట్టదు, మీ ఒప్పుకోలే ఆయనకి రక్ష. మీరు వద్దంటే కథ మారుతుంది. షాపులవాళ్లకైతే ఇంగ్లీషులో, స్పానిష్‌లో అంగుళం ఎత్తు అక్షరాలతో బోర్డు పెట్టాలని రూలు. మీకు బోర్డు అక్కర్లేదు, నోటితో చెప్తే చాలు. "అన్నయ్యా, గన్ కార్లో పెట్టి రండి" అనండి. విన్నాక కూడా దాంతోనే ఉంటే అది అనుమతి లేకుండా చొరబడడం కిందకి వస్తుంది. ఇంకోటి, కార్లో పెడితే తాళం వేయమనండి. ఇక వెళ్లేటప్పుడు ఆయన్ని డ్రైవ్ చేయనివ్వకండి, ఇందాక చెప్పిన రెండు కేసులు గుర్తున్నాయి కదా. మీవారు ఇక్కడే ఉన్నారా? (నవ్వులు) ఉంటే విన్నారుగా, మొహమాటం అన్న మాట ఏ సెక్షన్‌లోనూ లేదు.

హాలు ఆరింటికి ఖాళీ చేయాలట, ఒక్క ప్రశ్న.

(ఒక పెద్దాయన: "ఇంతకీ ఆరోజు మీ నాన్నగారు ఏం చేశారు?")

తినలేదండీ. ఆయనకి ఎదురుగా కనిపించే కుర్చీలో కూర్చుని, ప్లేటు ముట్టుకోకుండా ఆ చెక్స్ షర్టాయన్నే చూస్తూ ఉన్నారు. ఆయన తిన్నాడు, పేపర్ నాప్కిన్‌తో చేతులు తుడుచుకున్నాడు, మాకు తల ఊపి వెళ్లిపోయాడు. పార్కింగ్‌లో ఆయన ట్రక్కు కదిలేదాకా నాన్న కిటికీలోంచి చూశారు. అప్పుడు ప్లేటు దగ్గరికి లాక్కుని, "ఒకటే తాగాడు, అదీ సగం వదిలేశాడు" అన్నారు. అంత లెక్కపెట్టారా నాన్నా అంటే, "ముప్పై రెండేళ్లు అదేగా నా పని" అన్నారు. నమస్కారం.